దూరమంతా తపస్సు కాదు

సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డునున్న చెంగాళమ్మ గుడికి తలుపులు మూసే ఆనవాయితీ లేదు. దొంగల భయంతో ఒకప్పుడు తలుపులు పెట్టించబోతే అమ్మవారు కలలోకొచ్చి వద్దన్నదనీ, పక్కన పడేసిన చెక్కలే చిగురించి చెట్టయ్యాయనీ ఊళ్లో చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా, అందులో ఒక వాదం ఉంది. దర్శనానికి అందరూ అర్హులే అన్నాక, ఆ అర్హతను దారి మధ్యలో తగ్గించకూడదు. ఇదే ఊరి నుంచి పిల్లలు లోకల్ రైలెక్కి చెన్నైకో, ఇంకో బండెక్కి తిరుపతికో పెద్ద చదువులకు వెళ్తారు. మద్రాసు ఐఐటీ ఆవరణ ఆరు వందల ఎకరాల పైమాటే. 1974లో పుట్టిన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి మొదట్లో ఇచ్చిన నేల సుమారు 2,300 ఎకరాలు. ఇంతంత ఆవరణల్లో గేటు దాటాక అసలు ప్రయాణం మొదలవుతుంది. సీటిచ్చిన విద్యాలయం, హాస్టల్ నుంచి తరగతికీ లైబ్రరీకీ దారి కూడా ఇచ్చినట్టేనా? చూడటానికి బస్సుల లెక్కలా ఉన్నా ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న.

నడక మంచిదే కదా, కష్టపడకుండా వచ్చిన చదువు నిలుస్తుందా అని పెద్దలు అడుగుతారు. ఈ మాటకు మన సంప్రదాయంలో బలమైన ఆధారమే ఉంది. రామానుజులు మంత్రోపదేశం కోసం శ్రీరంగం నుంచి తిరుక్కోష్టియూరుకు పద్దెనిమిది సార్లు వెళ్లారని వైష్ణవులు చెబుతారు. అయితే ఆ కథ అక్కడితో ఆగలేదు. రహస్యంగా ఉంచమన్న మంత్రాన్ని ఆయన గోపురమెక్కి అందరికీ వినిపించారు. గురువు ఆజ్ఞ మీరినందుకు తాను నరకానికి పోయినా ఇంతమంది తరిస్తే చాలన్నారట. తిరిగి తిరిగి అలసిన మనిషి, తన వెనక వచ్చేవాళ్లు కూడా పద్దెనిమిది సార్లు తిరిగి రావాలని షరతు పెట్టలేదు. మేం కిలోమీటర్లు నడిచి చదువుకున్నాం, వీళ్లూ నడవాలి అనేవారు ఈ కథలో మొదటి సగమే విన్నారు.

భగవద్గీత పదిహేడో అధ్యాయం తపస్సును మూడు రకాలుగా విడదీసింది. మూఢపు పట్టుదలతో తనను తాను హింసించుకునేదీ, ఎదుటివారికి కీడు తలపెట్టి చేసేదీ తామసమంది. తపస్సుకు ప్రాణం ఇష్టపూర్వకమైన పూనిక. నడవగలిగీ బస్సు వద్దనుకున్నవాడిది నియమం అవుతుంది. బస్సు లేక నడిచేవాడిది, చక్రాల కుర్చీలో వచ్చి మెట్ల ముందు ఆగిపోయిన అమ్మాయిది తపస్సు ఎలా అవుతుంది? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం విద్యాసంస్థల భవనాలూ ఆవరణలూ వాళ్లకు అందుబాటులో ఉండాలంది. చట్టం చెప్పేదాకా ఆగాల్సి రావడమే మన తత్త్వచింతనలో లోటు.

రాత్రివేళ భద్రత మాటేమిటన్నది ఇంకో అభ్యంతరం. దాన్ని తీసిపారేయలేం. కానీ భయం ఉన్నచోట దీపం, కాపలా, వేళకు నడిచే బస్సు పెట్టొచ్చు. అవి పెట్టకుండా అమ్మాయిల హాస్టల్ గేటుకు మాత్రం పెందలాడే తాళం వేస్తే, అపాయం తెచ్చేవాణ్ణి వదిలేసి చదువుకునే అమ్మాయిని కట్టేసినట్టే. ఇక ఖర్చంటారా, మద్రాసు ఐఐటీలో విద్యార్థులు సొంత మోటారు బండ్లు నడపకూడదు. సైకిళ్లూ లోపలి బస్సులే ఆధారం. అందరినీ ఒకే బస్సెక్కించే ఆ పద్ధతికి ఖర్చు లేకపోలేదు, అయినా బండి కొనగలిగినవాడికీ కొనలేనివాడికీ దూరం ఒక్కటే అవుతుంది. వేదాంతం చదువుకు అర్హుణ్ణి వివేకంతో, వైరాగ్యంతో, మోక్షం కావాలన్న తపనతో కొలిచింది. కాళ్ల బలాన్నీ జేబు బరువునూ ఆ కొలతల్లో చేర్చలేదు. ఆవరణలో రోడ్డు వేసేవాళ్లు వాటిని చేర్చకుండా చూసుకుంటే, ప్రవేశ పరీక్షలో నెగ్గిన విద్యార్థి రోజూ మళ్లీ నెగ్గనక్కర్లేదు.