ఎలపట ఎద్దు కన్ను

ఒక ఊళ్లో ఒక రైతు. ఆయనకు ఆరెకరాల నల్లరేగడి, ఒక జత ఎద్దులు, ఒక కూతురు, ఆ కూతురి వెనక ఒక కొడుకు. ఎద్దులంటే ఆయనకు ప్రాణం. పొద్దున లేచి పళ్లు తోముకోకముందే కొట్టంలోకి వెళ్లి, మేత మిగిల్చాయా, నెమరు వేస్తున్నాయా, పేడ ఎట్లా వేశాయి అని చూసుకుని, గంగడోళ్లు నిమిరాక గానీ మరో పని ముట్టడు. దాపట ఎద్దుది దూకుడు. ఎలపటది నిదానం. కానీ బండి బురదలో దిగబడితే లాక్కొచ్చేది ఆ ఎలపటదే.

ఆ ఏడు సెనగ వేసే అదను వచ్చింది. పదును ఆరకముందే గుంటక తోలాలి. నాలుగు సాళ్లు తిరిగేసరికి ఎలపట ఎద్దు రొప్పడం మొదలుపెట్టింది. కాడి ఒక పక్కకు ఒరిగిపోతోంది. రైతు ముందు అదిలించాడు, తర్వాత తోక మెలిపెట్టాడు, ఆపైన ముల్లుకర్ర తీశాడు. పొడిచినప్పుడల్లా అది రెండడుగులు వేసి మళ్లీ ఆగేది. “మేతకు ముందు, మోతకు వెనకా! కొవ్వెక్కింది దీనికి” అని తేల్చేశాడు.

ఆ రోజుల్లోనే ఇంట్లోనూ తిట్లు సాగుతున్నాయి. కూతురు తొమ్మిదో తరగతి. బడినుంచి రావడం, సంచీ పడేయడం, మంచమెక్కడం. గిన్నెలు తోమమంటే మధ్యలో ఆగి గోడకు ఆనుకుంటుంది. బిందె ఎత్తితే ఆయాసపడుతుంది. సైకిలు మీద బడికి పోతూ కాలవ వంతెన ఎత్తు రాగానే దిగి నడిపించుకుంటుంది, తోటి పిల్లలు బెల్లు కొట్టుకుంటూ దాటిపోతారు. మార్కులు పడిపోయాయి. ‘శ్రద్ధ లేదు’ అని టీచరు ఎర్రసిరాతో రాసి పంపింది. “మా కాలంలో ఈ వయసుకు కాపురాలు చేశాం, దీనికి లేవడమే గండం” అని నాయనమ్మ రోజూ ఒక పాట.

ఇది చాలదన్నట్టు దొంగతనం ఒకటి. తమ్ముడి బలపాలు మాయమవుతున్నాయి. బియ్యం డబ్బా మూత ఎప్పుడు చూసినా పక్కకు జరిగి ఉంటోంది. ఒకరోజు దుప్పటి దులుపుతుంటే దిండు గలీబులోంచి సగం కొరికిన బలపాలు జలజలా రాలాయి. తల్లి పిల్ల వీపు మీద రెండు తగిలించింది. తర్వాత తనే బాధపడి, నీరసమంటోంది కదా అని అన్నం తినగానే చిక్కటి టీ గ్లాసు నిండా పోసి ఇచ్చింది. ఆ టీ అప్పటికే రెండు పూటలా అలవాటు.

ఆదివారం నాడాలు కొట్టే సాయిబు వచ్చాడు. చుట్టుపక్కల పది ఊళ్ల ఎద్దుల కాళ్లు ఆయన చేతిలోంచి పోయినవే. పాలేరు రాలేదని రైతు కూతుర్ని పిలిచి ముకుతాడు చేతికిచ్చాడు. సాయిబు కాళ్లకు తాడు చుట్టి ఒక్క లాగు లాగాడో లేదో, ఎలపట ఎద్దు దబ్బున పడింది. సాయిబు తాడు వదిలేసి నిలబడ్డాడు.

“ఇదేందిరా? పోయినసారి దీన్ని పడెయ్యడానికి ముగ్గురం పట్టాం.”

“కొవ్వు మామా. పనంటే పడిపోతుంది.”

సాయిబు సుత్తి కింద పెట్టి ఎద్దు తల దగ్గరకు వచ్చి గొంతుకూర్చున్నాడు. బొటనవేలితో కింది రెప్పను మెల్లగా దించాడు. ఆ పిల్ల జానెడు దూరంలో ఉంది, బాగా కనపడింది. రెప్ప లోపలి పొర పాలిపోయి ఉంది. రక్తపు జీర కోసం వెతకాల్సి వచ్చింది. పెదవి ఎత్తి చిగుళ్లు చూశాడు. అవీ అంతే. చెవి మడత విప్పాడు. లోపల పిడుదులు, తాగి తాగి ఉబ్బి, ఒకదాని పక్కన ఒకటి కరుచుకుని ఉన్నాయి. తర్వాత లేచి వెళ్లి గుంజకు కట్టేసిన దాపట ఎద్దు రెప్ప కూడా దించి, “ఇటు రా, ఇది చూడు, అది చూడు” అన్నాడు. దాపటదాని రెప్ప లోపల ఎర్రగా, తడిగా మెరుస్తోంది.

“దీనికి ఉన్నది కొవ్వు కాదబ్బాయ్. నెత్తురు లేదు. తిన్నదాంట్లో సగం కడుపులో పురుగులకు, సగం చెవుల్లో వీటికి. ఇక నీకు లాగడానికి ఏం మిగులుద్ది? పనిదొంగ కాదిది. ఎన్నాళ్లనుంచి పొడుస్తున్నావ్?”

రైతు ఆ మాటకు జవాబు చెప్పలేదు. అన్నం కూడా తినకుండా ఎద్దును పశువుల ఆసుపత్రికి తోలుకుపోయాడు. పురుగుల మందు పట్టించారు, పిడుదులకు మందు ఇచ్చారు, కాడి కట్టవద్దన్నారు. సెనగ అదను పోకుండా అప్పు తెచ్చి ట్రాక్టరు పెట్టుకున్నాడు. ఎద్దు విషయంలో ఆయన వెనకాడలేదు.

రాత్రి పిల్లలిద్దరూ ట్యూబులైటు కింద అద్దం పెట్టుకున్నారు. అక్క తమ్ముడి రెప్ప దించి చూసింది. తన రెప్ప దించుకుని చూసుకుంది. మళ్లీ తమ్ముడిది చూసింది. అద్దం గోడకు తగిలించి వసారాలోకి వచ్చింది.

“నాయనా, ఎలపటది పనిదొంగ కాదన్నాడు కదా సాయిబు తాత. నాది కూడా ఒకసారి చూడు.”

రైతు నవ్వబోయాడు. ఎందుకో ఆగి, టార్చిలైటు తెచ్చి, పిల్ల గడ్డం పట్టుకుని, పొద్దున సాయిబు దించినట్టే రెప్ప దించాడు. వెనకనుంచి నాయనమ్మ “ఆడపిల్లలన్నాక ఆమాత్రం ఉంటుందిలేరా” అంది. “నువ్వుండమ్మా” అన్నాడాయన. తల్లికి ఎదురు చెప్పడం ఆ ఇంట్లో అరుదు.

మర్నాడు ఏఎన్‌ఎమ్ వేలు గుచ్చి హిమోగ్లోబిన్ చూసింది. 8.6. పన్నెండు ఉండాలమ్మా, అంది. “బడిలో వారం వారం నీలం మాత్ర ఇస్తారుగా, మింగుతున్నావా?” పిల్ల నేల చూపులు చూసింది. మొదటిసారి పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పింది. పై తరగతి పిల్ల ఒకతె, అవి వేసుకుంటే పిల్లలు పుట్టరని చెప్పింది. అప్పటినుంచి మాత్రను నాలిక కింద పెట్టుకోవడం, ప్రహరీ వెనక ఉమ్మేయడం. ఇంకో సంగతి ఏఎన్‌ఎమ్ పక్కకు తీసుకెళ్లి అడిగితే గానీ బయటికి రాలేదు: నెలసరి ఎనిమిదేసి రోజులు ఉంటోంది, గుడ్డలు ఆగడం లేదు. అందరికీ అంతేనేమో అనుకుంది. తల్లి ఎప్పుడూ అడగలేదు, పిల్ల చెప్పలేదు.

పీహెచ్‌సీ డాక్టరు నెలసరి సంగతి అడిగి రాసుకుని, నులిపురుగుల మాత్ర వేయించి, ఐరన్ మాత్రలు రోజూ రెండు, అన్నం తిన్నాక, మూడు నెలలు అని రాసిచ్చింది. టీని భోజనానికి దూరంగా జరపమంది. కొన్ని వారాలకు ముందుగా తేడా కనిపెట్టింది తమ్ముడు. బలపాలు తగ్గడం లేదు. ఆ తర్వాత ఒకరోజు వంతెన మీద పిల్ల సైకిలు దిగలేదు. మూడో నెల చివర వేలు గుచ్చితే 11.8 వచ్చింది. ఇంకా కొన్నాళ్లు వాడాలని డాక్టరు చెప్పింది. ఆ పెళ్లిళ్ల కాలంలో ఎలపట ఎద్దూ బండి కట్టింది.

నీతి

పశువు పని తగ్గిస్తే ఒంట్లో ఏముందో చూస్తాం, కాస్త ఆలస్యంగానైనా. పిల్ల పని తగ్గిస్తే బుద్ధిలో ఏముందో చూస్తాం. బద్ధకం, పొగరు, ఫోను పిచ్చి, చదువు మీద ధ్యాస లేకపోవడం అని పేర్లు పెడతాం. ఆ పేర్లు పెట్టేముందు ఒంట్లో నెత్తురెంతుందో చూడాలి. ఈ కథ చెప్పేది అంతే. అయితే మన ఊళ్లలో ఆ ‘అంతే’ చాలా పెద్దది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 (2019–21) లెక్క ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే పదిమంది కూర్చున్న బెంచీల వరసలో దాదాపు ఆరుగురికి. అదే వయసు మగపిల్లల్లో 31.1 శాతం. మగపిల్లాడు కదా, వాడికేంటి అనుకోవడానికి లేదు. ఐదేళ్లలోపు చిన్నపిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. ఇంతమంది పిల్లలు ఒకేసారి సోమరులైపోయారని ఏ నాయనమ్మ చెప్పినా నేను నమ్మను.

రక్తంలోని హిమోగ్లోబిన్ ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును మోసుకుపోయి ఒళ్లంతటికీ పంచుతుంది. దాని తయారీకి ఇనుము కావాలి. అది తగ్గితే కండకూ మెదడుకూ కూడా కొరతే. ఆయాసం, తలతిరుగుడు, గుండె దడ, పాఠం తలకెక్కకపోవడం అన్నీ అక్కడినుంచి రావచ్చు. బలపాలు, పచ్చి బియ్యం, మట్టి, ఐసుముక్కల మీద మనసు పోవడం కూడా చాలామందిలో ఇనుము లోపానికి గుర్తే. తన్నులతో పోదది. పదేళ్లు దాటాక ఒళ్లు ఒక్కసారిగా ఎదిగేటప్పుడు ఇనుము ఎక్కువ కావాలి. ఆడపిల్లకు సరిగ్గా అప్పుడే నెలసరి మొదలై నెలనెలా కొంత పోతుంది. ఏడు రోజులు దాటినా, గంటకో రెండు గంటలకో గుడ్డ మార్చాల్సి వచ్చినా డాక్టరుకు చెప్పవలసిందే. ఆ మాట పిల్ల తనంతట తాను ఎత్తదు, తల్లే ఎత్తాలి. ఇక చెప్పుల్లేకుండా తిరిగితే కొంకిపురుగు మట్టిలోంచి పాదం చర్మం గుండా లోపలికి వెళ్లి పేగుల్లో రక్తం తాగుతుంది. అందుకే ఫిబ్రవరిలో, ఆగస్టులో బడుల్లో, అంగన్‌వాడీల్లో 19 ఏళ్ల దాకా పిల్లలకు ఆల్బెండజోల్ నమిలిస్తారు. ఆ రోజు పిల్లను ఇంట్లో ఉంచకండి.

తిండి గురించి మనకు తెలిసినదాంట్లో సగం రంగును బట్టి కట్టిన లెక్క. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందంటారు. దానిమ్మ కూడా అంతే. తింటే మంచివే, కానీ వాటిలో ఇనుము కొద్దిపాటిది. బెల్లం ముక్క కూడా మాత్రకు బదులు కాదు. మాంసం, కాలేయం, చేపల్లోని ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది. ఆకుకూరలు, పప్పులు, రాగుల్లోది అంత తేలిగ్గా పట్టదు. దానికి తోడుగా సి విటమిన్ ఉండాలి. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, అన్నంలో ఉసిరికాయ పచ్చడి, తిన్నాక జామకాయ ఇందుకు బాగా పనికొస్తాయి. టీ, కాఫీ దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తాయి. అన్నంతో పాటు తాగితే ఇనుము చాలావరకు పట్టకుండా పోతుంది. కథలో తల్లి ప్రేమతో పోసిన గ్లాసు చేసిన పని అదే. భోజనానికి ముందు, వెనక కనీసం గంట ఎడం ఉండాలి.

మాత్రల మీద పుకార్లు మాత్రలకంటే వేగంగా తిరుగుతాయి. ఇనుము మాత్ర వల్ల పిల్లలు పుట్టకపోవడం అబద్ధం. కడుపులో తిప్పడం నిజం, అన్నం తిన్నాక వేసుకుంటే చాలావరకు తగ్గుతుంది. దొడ్డికి నల్లగా రావడం కూడా నిజమే, దానికి భయపడనక్కర్లేదు. ఎన్ని మాత్రలు, ఎన్నాళ్లు అన్నది రక్తం లెక్క చూసి డాక్టరు చెప్పాలి. పక్కింటి పిల్లకు రాసిన చీటీ మన పిల్లకు వాడకూడదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ మాత్రల సీసా వాళ్లకు అందకుండా దాచాలి. చాక్లెట్లనుకుని గుప్పెడు మింగితే ప్రాణానికే ముప్పు.

రెప్ప చూడటం అనుమానానికి సరిపోతుంది, నిర్ధారణకు సరిపోదు. రెప్ప ఎర్రగా కనపడ్డా రక్తం తక్కువ ఉన్నవాళ్లుంటారు. రక్తం బాగానే ఉన్నా అలసిపోయే పిల్లలూ ఉంటారు. పదమూడు దాటిన పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. దుప్పట్లో ఫోనుతో ఒంటిగంట దాకా మెలకువగా ఉంటే ఏ మాత్రా దాన్ని పూడ్చదు. థైరాయిడ్ కావచ్చు, మనసులో దిగులు కావచ్చు. మాత్రలు సరిగ్గా వాడినా అంకె కదలకపోతే తలసీమియా వంటివి ఉన్నాయేమో వేరే పరీక్షలు చేయించాలి. అప్పుడు ఇంకో డబ్బా మాత్రలు కొనుక్కోవడం పొరపాటు.

కథలో ఎద్దు కన్ను చూశారు, పిల్ల కన్ను చూశారు. రెండు పూటలా టీ తాగి, అందరూ తిన్నాక మిగిలింది తిని, బిందెలు మోసే ఆ తల్లి కన్ను ఎవరూ చూడలేదు. అదే సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. పిల్లను ఏఎన్‌ఎమ్ దగ్గరికి తీసుకెళ్లిన రోజునే తల్లీ వేలు చాపితే అదే పరికరం మీద నిమిషాల్లో అంకె వస్తుంది. సబ్‌సెంటర్‌లో దానికి డబ్బులు తీసుకోరు.