కార్యమునుండి కారణమునకు

కంటఁబడని వస్తువును గూర్చి సాక్ష్యము చెప్పుటకు మనకు అధికారము కలదా? ఏటినీరు పెరిగి వడిగా పాఱుట చూచి, ఎగువను వాన కురిసినదని గ్రహించుటను మన తార్కికులు శేషవదనుమానమనిరి. దీనిపై పూర్వపక్షి ఆక్షేపించెను: దిగువను అడ్డుకట్టపడినను ఏఱు పొంగును గదా! సిద్ధాంతి ఇచ్చిన సమాధానము ముచ్చటైనది. వట్టి పొంగు హేతువు కాదు. ప్రవాహవేగము, నురుగు, కొట్టుకొనివచ్చు ఆకులు, కట్టెలు, ఇవి కూడియుండిననే వాన గుర్తగును.

ఈ వాదమునే నేటి భూశాస్త్రజ్ఞులు సముద్రపు టడుగున నడుపుచున్నారు. మహాసముద్రముల నడుమ సుమారు 65,000 కిలోమీటర్ల పొడవున పర్వతపంక్తి యొకటి వ్యాపించియున్నది. అచ్చట భూపటలము చీలి ఇరువైపులకు తొలగుచుండఁగా, క్రింది ప్రావారశిల మెల్లగా పైకి లేచును. పైకి వచ్చుకొలఁది ఒత్తిడి తగ్గును. తగ్గుటచేతనే, క్రొత్తవేఁడి సోఁకకయే, అందు ఇంచుమించు పదియవవంతు కరఁగును. ఆ ద్రవము పైకి వచ్చి చల్లాఱి నల్లని బసాల్టగును. అది పుట్టిన చోటును చూచినవారు లేరు. కోలా ద్వీపకల్పమున 1989 నాఁటికి 12,262 మీటర్లు త్రవ్విరి. అదియు భూపటలమును దాఁటలేదు.

బసాల్టును పరీక్షించి ప్రావారము నెఱుఁగుదుమనువారికిని పూర్వపక్షి సిద్ధముగనే యున్నాఁడు. ఎంత కరఁగినది, ఏ లోతునఁ గరఁగినది, దారిలో చల్లాఱి ఏ స్ఫటికములు విడిపోయినవి, వీనినిబట్టి రాతిలోని మెగ్నీషియము, ఇనుము మొదలగువాని పాళ్లు మాఱును. ఇవి దారి చేసిన గుర్తులు, అడ్డుకట్ట పొంగువంటివి. మఱి ఆకులు, నురుగు ఏవి? స్ట్రాన్షియము పరమాణువులలో 87 సంఖ్య గలవి కొన్ని రుబీడియము క్షయించుటచేఁ బుట్టినవి. ఆ రుబీడియము సగమగుటకు సుమారు 4,900 కోట్ల సంవత్సరములు పట్టును. కరఁగుటగాని గడ్డకట్టుటగాని 87కును 86కును గల నిష్పత్తిని చెప్పఁదగినంతగా మార్పవు. ఈ పర్వతపంక్తి బసాల్టులలో ఆ నిష్పత్తి సాధారణముగా 0.703కు సమీపమున నుండును. ఖండముల ప్రాచీనశిలలలో 0.71ని మించుట తఱచు. రుబీడియము ద్రవముతోఁ గలిసిపోవుటకు మిక్కిలి ఆత్రపడు ధాతువు. కావున ఈ ప్రావారభాగము పూర్వమెన్నఁడో ఖండములకు తన సొమ్మిచ్చి పేదవడినదని యూహించిరి.

ఊహ అంతటితో నిలిచిన నేను నమ్మకపోదును. నియోడిమియమును బుట్టించు సమేరియము, నియోడిమియముకంటె శిలయందే ఎక్కువగా నిలుచును. కావున పేదవడిన శిలలో నియోడిమియపు నిష్పత్తి హెచ్చుగా నుండవలెను. కొలిచి చూడఁగా హెచ్చుగనే యున్నది. తగ్గియున్నచో కథ యంతయుఁ గూలెడిది.

వ్యాకరణపండితుఁడగు మిత్రుఁ డొకఁడు నన్నడిగెను: "చూడని శిలను నమ్మెదవు, కష్టమును చూచి పూర్వజన్మపాపము నూహించినచో ఏల వలదందువు? రెండును శేషవత్తులే గదా!" కర్మసిద్ధాంతమును తేల్చుట నా తరము కాదు. కాని బిడ్డను పోఁగొట్టుకొన్న తల్లియెదుటఁ గూర్చుండి, ఇది నీ పాపఫలమని పలుకువానిని నేనడుగుదును: ఈ దుఃఖములో దారి చేసినదెంత? చెడునీరెంత, వేళకు రాని వైద్యమెంత, దానిని తీసివేసితివా? నీ మాట అబద్ధమైనచో ఏ గుర్తు కనఁబడవలెనో ముందుగాఁ జెప్పఁగలవా? సిరి కలిగినఁ బుణ్యమనియు, చిచ్చు పడినఁ బాపమనియు అనువాని యేటిలో ఆకులు లేవు. పొంగు మాత్రమే కలదు. ఆ తల్లికిఁ గలిగిన బాధలో సగము ఆ మాటవలననే.

భూశాస్త్రజ్ఞుల నడవడి వేఱు. మన హిందూమహాసముద్రపు బసాల్టులలో స్ట్రాన్షియ, సీసముల నిష్పత్తులు తక్కిన సముద్రముల వానికి భిన్నమని 1983లో ద్యుప్రే, అల్లేగ్రులు ప్రకటించిరి. మఱుసటియేఁడు హార్టు వారి పేళ్లు కలిపి ఆ వైపరీత్యమునకు డూపాలని పేరిడెను. ఆస్ట్రేలియాకును అంటార్కిటికాకును నడుమ హిందూ, పసిఫిక్ ప్రావారముల పొలిమేర యున్నదని 1988లో మఱికొందఱు చూపిరి. మూలము వేఱనుట యందు వివాదము లేదు. ఏల వేఱనునది వేఱు ప్రశ్న. పూర్వపు గోండ్వానా ఖండము అడుగుభాగము ఊడి ప్రావారమునఁ గలిసినదని కొందఱు, సముద్రపు మట్టి ఏనాఁడో లోనికి దిగి కలిసినదని మఱికొందఱు చెప్పుచున్నారు. కొలఁతలు రెండింటికిని చోటిచ్చుచున్నవి గనుక ఆ వ్యాజ్యము ఇంకను తెగలేదు.