చేయి ఎత్తడమా, చేయి ఆపుకోవడమా?



నాందేడ్‌లో పెరిగే మన పిల్లలకు యుద్ధవిద్య కొత్తేమీ కాదు. 1708లో గురు గోవింద్ సింగ్ కన్నుమూసిన ఊరు ఇది. హోలా మొహల్లా నాడు హజూర్ సాహెబ్ దగ్గర సిక్కు యువకులు గత్కా ఆడుతుంటే మనమూ నిలబడి చూస్తాము. సాధనలో కత్తికి బదులు కర్ర పట్టే ఆ విద్య 2023లో గోవా జాతీయ క్రీడలలో కూడ చేరింది. ప్రభుత్వ బడులలో 6 నుండి 12 తరగతుల ఆడపిల్లలకు రాణీ లక్ష్మీబాయి పేరిట 3 నెలల ఆత్మరక్షణ శిక్షణను కేంద్రం ప్రవేశపెట్టింది. మన పిల్లలు కూడ కరాటే, జూడో నేర్చుకుంటామని అడుగుతున్నారు.

రెండవ చెంప కూడ చూపమన్న ప్రభువును వెంబడించే మనం, బిడ్డలకు కొట్టడం నేర్పించవచ్చునా?

ముందు ఆ విద్యలలో ఏమి నేర్పుతారో చూద్దాము. 1882లో టోక్యోలో జూడోను నెలకొల్పిన జిగోరో కానో స్వయంగా బడి పంతులు. జూడో నేర్చుకొనేవానికి మొదట వచ్చే పాఠం, దెబ్బ తగలకుండ క్రింద పడడం. ఎదుటివాడు ఓడిపోయానని చేత్తో తట్టగానే పట్టు వదలాలి. కరాటే పోటీలో ముఖానికి గురిపెట్టిన పిడికిలిని అదుపులో ఉంచుకోవాలి. మితిమీరి తగిలిస్తే పెనాల్టీ. కొట్టగలిగి కూడ ఆపుకోవడమే అక్కడ నేర్పు.

ఈ పాఠం మనకు తెలిసినదే. గెత్సేమనేలో పేతురు కత్తి దూసి ఒకని చెవి నరికాడు. ప్రభువు ఆ కత్తిని ఒరలో పెట్టించాడు. 12 సేనావ్యూహములకు మించిన దూతలను రప్పించుకోగలవాడు తనను పట్టుకొననిచ్చాడు. దానిని చేతకానితనమని ఎవరనగలరు? బలము దేవుని అదుపులో ఉండడమే సాత్వికము. గలతీ పత్రికలో ఆత్మ ఫలమును చెప్పేచోట సాత్వికము, ఆశానిగ్రహము పక్కపక్కనే ఉన్నవి.

అయితే నడుముకు బెల్టు కట్టినంత మాత్రాన ఈ గుణం రాదు. తెల్లవారుజామున క్లాసుకు లేచే కుర్రవాడు లెక్కల హోంవర్కు ఎగ్గొడితే, వాని క్రమశిక్షణ ఆ చాప మీదే మిగిలిపోయినట్టు. బడిలో వాని మరాఠీ యాసను ఎవరైనా వెక్కిరించిన రోజే అసలు పరీక్ష. ఆ రోజు పిడికిలి లేస్తే, ఎన్ని బెల్టులున్నా ఫెయిలే. చిన్నవాణ్ణి నలుగురు కొడుతుంటే అడ్డు నిలిచి, తాను కొట్టకుండ మాస్టారి దగ్గరకు తీసుకువెళితే పాసైనట్టే.

తల్లిదండ్రులారా, ఫీజు కట్టేముందు ఒక సాయంత్రం వెళ్లి చూడండి. పెద్ద పిల్లవాడు చిన్నవాణ్ణి నొప్పిస్తే నేర్పేవాడు ఏం చేస్తాడు? పటాలకు మ్రొక్కమంటే, మన విశ్వాసం ఏమిటో ముందే మర్యాదగా చెప్పండి. క్లాసు ఆదివారం ఉదయమైతే వేరే రోజు అడగండి. సండే స్కూలు మానిపించి నేర్పించే క్రమశిక్షణ మనకెందుకు?

కొరింథు దగ్గర రెండేళ్లకొకసారి పెద్ద క్రీడలు జరిగేవి. ఆ ఊరి సంఘానికి వ్రాస్తూ పౌలు పరుగు పందెమును, పిడిగుద్దుల పోటీని ఉదాహరించి, తాను లోబరచుకొనేది తన శరీరమునే అన్నాడు. తిమోతికి వ్రాసినప్పుడు దేహసాధన వలన లాభం కొంచెమే అన్నాడు గాని బొత్తిగా లేదనలేదు. ఆ కొంచెమును మన బిడ్డలు పొందనివ్వండి. భక్తి మాత్రం మన ఇంట్లోనే, మనలను చూచి నేర్చుకోవాలి. కోపంలో మన చేయి ఎక్కడ ఆగుతుందో వాళ్లు రోజూ చూస్తూనే ఉన్నారు.

ప్రభువు మన చేతులను, మన బిడ్డల చేతులను తన స్వాధీనంలో ఉంచుకొనును గాక. ఆమెన్.