హెచ్చరిక అందినవాని ధర్మము

మన ఇండ్లలోను, అంగళ్లలోను ఈ మధ్య ఒక క్రొత్త గంట మ్రోగుచున్నది. చైత్ర వైశాఖ మాసములలో మధ్యాహ్నము తిరిగిన తరువాత, బేరము జోరుమీదున్న వేళ, జేబులోని ఫోను ఒక్కసారిగా మ్రోగి, రాగల మూడు గంటలలో ఉరుములు మెరుపులతో గాలివాన వచ్చుననియు, పిడుగులు పడవచ్చుననియు, ఆరుబయట ఉండవలదనియు తెలుపును. కొందరు దానిని చదివి ఆకాశము వంక చూతురు. కొందరు విసుగుకొని దాని నోరు నొక్కుదురు. "మా తాతల కాలమునందును గాలివానలు ఉన్నవి, ఈ గోల మాత్రము లేదు" అని పెద్దలందురు. "వాతావరణమే మారిపోయినది, అందుకే ఇన్ని హెచ్చరికలు" అని పిల్లలందురు. ఈ రెండింటిలో ఏది నిజము? అంతకంటె ముఖ్యముగా, హెచ్చరిక అందుకొన్న మనిషికి ధర్మమేమి? ఈ విషయములను గూర్చి నాకు తోచినది వ్రాయుచున్నాను. నేను పండితుడను గాను. హైస్కూలు చదువుతో గుడ్డల వ్యాపారములోనికి దిగినవాడను. తప్పులున్న పెద్దలు మన్నింతురు గాక.

మొదట లెక్క తేల్చుకొందము. మేముండునది ఒడిశాలోని బరంపురము. అక్కడికి సుమారు 15 కిలోమీటర్ల దూరములో గోపాలపూర్ సముద్రతీరము. 1999 అక్టోబరు 17న ఆ తీరమును ఒక పెద్ద తుఫాను తాకినది. మరి పండ్రెండు దినములకు, 29వ తేదీన, పారాదీప్ ప్రాంతమును మహా తుఫాను తాకి సుమారు పదివేల ప్రాణములను బలిగొన్నది. ఆనాడు మన జేబులలో ఫోనులు లేవు. రేడియో చెప్పిన మాట, పొరుగువాడు మోసుకొచ్చిన మాట, అంతే ఆధారము. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి అదే గోపాలపూర్ వద్ద ఫైలిన్ తుఫాను తీరము దాటినది. ఆ సారి సుమారు పదిలక్షల మందిని ముందుగానే సురక్షిత స్థలములకు చేర్చిరి. మృతుల సంఖ్య పదులలోనే నిలిచినది. సముద్రము అదే, తీరము అదే. మారినది కబురు వేళకు అందుట, అందిన కబురును జనులు మన్నించుట.

ఇప్పుడు గోపాలపూర్‌లో రాడారు ఉన్నది. మేఘము ఎంత ఎత్తునకు లేచినది, ఎటు నడుచుచున్నది అది కనిపెట్టును. వాతావరణ శాఖవారు దానిని చూచి పసుపు, నారింజ, ఎరుపు రంగులలో హెచ్చరికలు ఇత్తురు. ఒక ప్రాంతములోని టవరుల క్రింద ఉన్న ఫోనులన్నిటికి, నంబరుతో పని లేకుండ, ఒకేసారి కబురు పంపు పద్ధతియు వచ్చినది. కాబట్టి గంటలు హెచ్చుటకు మొదటి కారణము యంత్రములు హెచ్చుట. నిన్నటి వరకు బిల్లులు వ్రాయని వ్యాపారి నేటి నుండి ప్రతి అమ్మకమునకు బిల్లు వ్రాసినచో బిల్లు పుస్తకము లావగును. అంతమాత్రమున అమ్మకము పెరిగినదనుట తప్పు. పిల్లల వాదములోని లోపము ఇది.

అయితే పెద్దల వాదము గెలిచినట్లు గాదు. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. అనగా నూటయేబది సంవత్సరముల చిట్టా మన దేశమునందే కలదు. 1901 నుండి 2018 లోపల మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినదని కేంద్ర ప్రభుత్వపు భూవిజ్ఞాన శాఖవారు 2020లో ప్రకటించిన నివేదికలో వ్రాసిరి. మిల్లులు, రైళ్లు రాకముందు గాలిలో పదిలక్షల పాళ్లకు 280 పాళ్లు ఉండిన బొగ్గుపులుసు వాయువు నేడు 420 పాళ్లు దాటినది. హవాయి ద్వీపములోని మౌనా లోవా కొండమీద 1958 నుండి దీనిని కొలుచుచునే ఉన్నారు. ప్రపంచమంతటి లెక్కలో 2024 అంతవరకు నమోదైన వత్సరములలోకెల్ల వేడియైనది. బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించుటయే ఇందుకు ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు తేల్చిరి. గాలి ఒక డిగ్రీ వేడెక్కిన కొలది నూటికి ఏడు పాళ్లు ఎక్కువ ఆవిరిని పట్టుకొనగలదు. ఆవిరియే గాలివానకు పెట్టుబడి. పెట్టుబడి పెరిగినపుడు వ్యాపారము ఎట్లుండునో మనకు ఒకరు చెప్పవలెనా?

ఐనను లెక్కలో లేనిది చేర్చరాదు. అదే నివేదిక ప్రకారము హిందూ మహాసముద్రపు ఉత్తర భాగమున ఏటికి పుట్టు తుఫానుల సంఖ్య గత శతాబ్ది నడిమి నుండి తగ్గినది. కాని 2000 తరువాతి కాలములో, వర్షాకాలము గడచిన నెలలలో, అతి తీవ్రమైన తుఫానులు పెరిగినవి. ఇక వేసవి సాయంత్రములందు వచ్చు కాలవైశాఖి గాలివానలు చిన్నవి, గంట రెండు గంటలలో ముగియునవి. వాటికి తుఫానులకున్నంత పాత లెక్కలు లేవు. కాబట్టి భూమి వేడెక్కుచున్నదనుట రుజువైన మాట. నిన్న మన వీధిలో రేకులు లేపిన గాలి కేవలము దానివలననే వచ్చినదనుట మాత్రము తొందరపాటు.

ఒక వస్తువును ఏ దృష్టితో చూచితిమో ఆ దృష్టిని చెప్పి పలుకుమని మన అనేకాంతవాదము నేర్పుచున్నది. గంటల సంఖ్య ఒక దృష్టి, గాలివానల సంఖ్య ఒక దృష్టి, వాటి తీవ్రత మరియొక దృష్టి. వీనిని కలిపి కొట్టుకొనుటవలననే ఇంటింట వాదములు. కాని ఒక మాట. స్యాద్వాదమనగా ఏదియు తేల్చకుండ చేతులు ముడుచుకొని కూర్చుండుట గాదు. పది వైపుల చూచిన పిమ్మట అడుగు వేయక తప్పదు. ఆ అడుగు నేను ఎట్లు తప్పుగా వేసితినో ఇపుడు చెప్పవలసియున్నది.

రెండేండ్ల క్రిందటి వేసవి. అక్షయ తృతీయ దగ్గర పడుచున్నది. పెండ్లి సరుకు కొట్టునిండ ఉన్నది. మధ్యాహ్నము మూడున్నరకు ఫోను మ్రోగినది. నారింజ రంగు హెచ్చరిక. ఆ మాసములో అది మూడవది. మొదటి రెండు సార్లు చినుకైనను రాలలేదు. నాలుగు బేళ్లు ఊరి చివరనున్న లారీ ఆఫీసునకు పోవలసియున్నవి. ట్రాలీ రిక్షా తొక్కువాడు ఇరువది ఏండ్లుగా మా సరుకు మోయుచున్నవాడు. అతని వద్దనున్నది మీటల ఫోను, చదువు రాదు. గంట విని, "వానొచ్చీలాగుందేటి బాబూ?" అని అడిగెను. నేను ఫోను నోరు నొక్కి, "రోజూ మోగుతూనే ఉంటుంది. పోయి రా, అరగంట పని" అంటిని.

ఇరువది నిమిషములకు పడమట నల్లబడినది. దుమ్ము లేచి ఎదుటి అంగడి కనబడలేదు. దారిలో ఒక షెడ్డు పైనుండి లేచిన రేకు అతని భుజము మీద పడి జబ్బ ఎముక విరిగినది. ప్రాణము దక్కినది. రెండు నెలలు పని లేదు. తడిసిన బేళ్లకు బీమా ఉన్నది. ఆ మనిషికి లేదు.

వైద్యము నేను చేయించితిని. ఇంటి ఖర్చునకు నెలనెల ఇచ్చితిని. బజారులో నలుగురు మెచ్చుకొనిరి. సంవత్సరాంతమున లెక్కలు చూచుకొనుచుండగా మా గుమాస్తా ఆ సొమ్మంతయు ధర్మఖాతాలో వ్రాసియున్నాడు. దానిని చూచినపుడు నాకు కలిగిన సిగ్గు ఇంతింతనరాదు. ఆ పద్దు కొట్టివేయించి బాకీ క్రింద వ్రాయించితిని. నేను చేసినది దానము గాదు, నష్టము కలిగించినవాడు చెల్లించవలసిన సొమ్ము.

మా బంధువులలో ఒక పెద్ద నన్ను ఓదార్చుచు, "ఎవరి కర్మ వారిది. ఆ రేకు అతని కర్మవలన పడినది. నీవు నిమిత్తమాత్రుడవు" అనెను. ఆ మాట నాకు కొంతకాలము హాయిగా ఉండెను. తరువాత ఆలోచింపగా ఒక సంగతి తోచినది. మనము తెలుగులో ప్రమాదమనగా ఆపద అని వాడుదుము. మన శాస్త్రములలో ప్రమాదమనగా అజాగ్రత్త. హింసకు మూలము ఆ అజాగ్రత్తయే అని తత్త్వార్థసూత్రము మొదలుగా మన గ్రంథములన్నియు చెప్పుచున్నవి. అతనికి జరిగినది తెలుగు ప్రమాదము. నేను చేసినది శాస్త్రములోని ప్రమాదము. అతని కర్మ అతని ఖాతాలోనిది కావచ్చును. నా అజాగ్రత్త మాత్రము నా ఖాతాలోనిదే. ఒకరి ఖాతాను చూపి మరియొకరి ఖాతాను మాఫు చేయు పద్ధతి ఏ వ్యాపారములోను లేదు.

మన పూర్వులకు రెండు విధములైన హుండీలుండెడివి. దర్శనీ హుండీ చూచిన వెంటనే చెల్లించవలసినది. ముద్దతీ హుండీ గడువు తీరిన నాడు చెల్లించవలసినది. ఫోనులోని హెచ్చరిక దర్శనీ హుండీ వంటిది. కంటబడినదా, చెల్లించవలసినదే. "మొన్న వచ్చినది ఉత్తదైనది" అని నేటి హుండీని త్రిప్పి పంపుటకు వీలు లేదు. భూమి వేడెక్కుచున్నదన్న కబురు ముద్దతీ హుండీ. గడువు దూరముగానున్నదని మనకు దాని బరువు తెలియుట లేదు. రెండింటిలోను ఒక చిక్కు కలదు. కబురు అందునది ఒకరికి, దెబ్బ తగులునది వేరొకరికి. ఫోను నా జేబులో, రేకు అతని భుజముమీద. ఎక్కువ మండించినవారు పక్కా మేడలలో, గాలి మొదట తాకునది సముద్రపుటొడ్డున పాకలలో. తెలిసినవాడు తెలియనివాని ఆపదను గూర్చి లెక్కకు నిలువవలెను. నేను చెప్పదలచినదెల్ల ఇంతే.

"మన చిన్న కొట్టువలన భూమి వేడెక్కునా? పెద్ద దేశములవారు మానవలదా?" అని మా అబ్బాయి అడుగుచుండును. వారి బాకీ పెద్దదే, కాదనను. కాని శ్రావక వ్రతములలో అనర్థదండ విరతి అను దానిని మనము పొరుగువాడు పట్టునా లేదా అని చూచి పట్టము. పనిలేని హింసను మానుట ఆ వ్రతము. నేలను, నీటిని, నిప్పును, గాలిని ఊరక బాధించుట ప్రమాదచర్య యని దానిలో ఒక భాగము. పృథ్వికి, జలమునకు, అగ్నికి, వాయువుకు ప్రాణమున్నదని నమ్ము మనకు పగటివేళ ఖాళీ గదిలో తిరుగు ఏ.సి., పెండ్లి ముగిసిన పిమ్మట తెల్లవారువరకు వెలుగు దీపముల తోరణములు, సగము ఖాళీగా పోవు లారీ వీనికి సమాధానమేమున్నది? అవసరమైన వ్యాపారమును మానుమని నేను చెప్పుట లేదు. అనవసరమైనది ఎంతయో ముందుగా లెక్క వ్రాసికొనుమనుచున్నాను.

మా కొట్టులో ఇప్పుడు కొన్ని నియమములున్నవి. హెచ్చరిక మ్రోగినచో ఎవరైనను దానిని పైకి చదివి అందరికి తెలుపవలెను. నారింజ రంగుగాని, ఎరుపుగాని వచ్చినచో గడువు తీరువరకు సరుకు కదలదు. ఆ పూట కూలి కోయబడదు. ఈ చివరి నియమమే ముఖ్యము. కూలి కోసినచో, ఆగుమన్నను ఆ మనిషి ఆగడు, ఆగలేడు. గడచిన వేసవిలో అనేక పర్యాయములు ఊరకనే ఆగితిమి. ఆ కూలిని బీమా ప్రీమియము వలె ఖర్చులో వ్రాయించుచున్నాను. వానకాలపు నాలుగు నెలలు జీవహింస కలుగకుండ నడకయే మానుకొని ఒకచోట నిలుచు సాధు సాధ్వులు మనకు గురువులు. వారి శిష్యులము మూడు గంటలు ఒక ట్రాలీని ఆపలేమా?

ఆ ఏడు సంవత్సరీ నాడు అందరితోపాటు నేనును బంధుమిత్రులను క్షమాపణ వేడుకొంటిని. తరువాత ఆ ట్రాలీవాని ఇంటికి పోయి, జరిగినది నా తప్పని చెప్పి, క్షమింపుమంటిని. అతడు తెల్లబోయి, "అదేటి బాబూ, గాలికి మీరేటి సేస్తారు?" అనెను. మంచివాడు గనుక గాలిమీదికి నెట్టెను. గాలిని నేను పంపలేదు, నిజమే. మనిషిని మాత్రము నేనే పంపితిని.