బసవన్న భాండాగారము



బసవన్న కల్యాణమున బిజ్జలుని కొలువులో భండారిగా నుండెనని మన బాలురు సైతము చెప్పుదురు. పాలకురికి సోమనాథుడు బసవపురాణమున నొక ఘట్టమును వర్ణించియున్నాడు. రాజధనమును బసవన్న జంగములకు దోచిపెట్టుచున్నాడని కొండెగాండ్రు బిజ్జలుని చెవిని వేసిరి. రాజు నిలదీసెను. బసవన్న భాండాగారమును తెరిపించి లెక్క చూపెను. ఒక్క మాడయు తగ్గలేదు. పురాణకర్త దీనిని శివుని మహిమగా చెప్పెను. నాకు మాత్రము, లెక్క అడిగిన తోడనే పెట్టెలు తెరచుటయే అంతకంటె గొప్పగా తోచును.

2003లో పార్లమెంటు ప్రాంగణమున బసవేశ్వరుని విగ్రహము నిలిచినది. 2024లో కర్ణాటక ప్రభుత్వము ఆయనను సాంస్కృతిక నాయకునిగా ప్రకటించినది. సంతసమే. కాని ఎన్నికలు రాగానే విభూతి ధరించి మఠముల గడప త్రొక్కు నాయకులను వేదికపై జంగమమూర్తుల సరసన కూర్చుండబెట్టి గజమాలలు వేయుచున్నాము. ఖజానా లెక్క వారిని అడుగుట మర్యాద కాదట! మతము ప్రభుత్వమున నుండవచ్చునా యని వాదించువారు పెక్కురు. బసవన్న మతము ప్రభుత్వమున నుండినది. కాయకమై, భాండాగారపు తాళపుచెవియై యుండినది. ఓట్ల బేరమై కాదు.

ఇతరుల ననుట యేల? ప్రభుత్వమిచ్చు నిధులలో, భక్తులిచ్చు కానుకలలో దాసోహమునకెంత, భవనములకెంత వ్యయమైనదో భక్తుల యెదుట చదివి వినిపించు మఠములెన్ని? ఈ ప్రశ్నకు కొందరు స్వాములకు కోపము రావచ్చును. బసవన్న పెట్టెలు తెరచినాడు. రాబోవు బసవ జయంతినాడు ఉపన్యాసములకు ముందుగా ఆ యేటి జమాఖర్చులు చదివింపుడని మఠాధిపతులకు మా విన్నపము.