అంగన్‌వాడికి వాకిలి ఏదీ?



'అంగన్‌వాడి' అనే మాట మనం రోజూ వింటాము. దాని అర్థమేమిటో ఎప్పుడైనా ఆలోచించారా? ఆంగన్ అంటే వాకిలి, ఇంటి ముందరి ఖాళీ జాగా. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని దేశంలో 33 బ్లాకులలో ప్రారంభించారు. దాని కేంద్రాలకు ఈ పేరే వచ్చింది. బడి అనలేదు, ఆసుపత్రి అనలేదు, వాకిలి అన్నారు. పేరు పెట్టినవారు పసిపిల్లల సంగతి తెలిసినవారే అయి ఉండాలి. మన ఊళ్ళలో బిడ్డ లోకాన్ని మొదట చూసేది వాకిట్లోనే గదా! కోడిపిల్లను తరిమేది అక్కడే, మన్ను తిని దెబ్బలు తినేది అక్కడే, తొలకరి చినుకుల్లో తడిసేది అక్కడే.

అయితే నేడు మన రాష్ట్రంలో ఎన్నో కేంద్రాలు అద్దె గదులలో నడుస్తున్నాయి. ఒక గది, ఒక మూల బియ్యం సంచులు, మరో మూల గుడ్ల అట్టలు, మిగిలిన చోట పిల్లలు. వాకిలి పేరు పెట్టుకున్న చోట వాకిలే లేదు. ఈ వారం మీతో చెప్పదలచుకున్నది ఈ సంగతే.

పిల్లలకు పర్యావరణం గురించి నేర్పాలని ఎవరు కాదంటారు? పాఠశాలలలో దానిని తప్పనిసరి పాఠ్యాంశంగా చేయాలని 1991లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. కానీ పాఠ్యాంశం అంటే చదవడం వచ్చిన పిల్లల మాట. చదువు రాని మూడేళ్ళ, నాలుగేళ్ళ బిడ్డకు ఏమి నేర్పుతాము? చాలాచోట్ల మనం చేసేదేమంటే, గోడకు ఒక పటం అంటిస్తాము. అందులో భూగోళం ఏడుస్తూ ఉంటుంది, నరికిన చెట్టు నుండి రక్తం కారుతూ ఉంటుంది. నాకిది సరియైన పద్ధతిగా తోచదు. ప్రేమించడం ఇంకా నేర్వని దానిని గురించి బిడ్డను ముందే భయపెట్టడమెందుకు? చెట్టు నీడను ఎరుగని వానికి చెట్టు చచ్చిపోతున్నదని చెబితే, వాడు రాత్రి పక్కలో ఏడుస్తాడేమో గాని తెల్లవారి చెట్టుకు నీళ్ళు పోయడు.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసు వారి బోధ ఒకటి మా తలల్లోకి బాగా ఎక్కించారు. బుద్ధిలోనికి వచ్చేదేదైనా ముందు ఇంద్రియాల గడప దాటి రావలసిందేనని ఆయన, ఆయనకు ముందు అరిస్టాటిలు తలచారు. అప్పట్లో అది పరీక్షకు పనికివచ్చే వాక్యంగానే ఉండేది. అంగన్‌వాడి పిల్లలను చూస్తే అది ఎంత నిజమో తెలుస్తుంది. వారి చేతులే వారి పుస్తకాలు. ఆరేండ్లలోపే మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా జరిగిపోతుందని 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది. ఆ ఆరేండ్లూ సిమెంటు గచ్చు మీద గడిచిపోతే, తరువాత ఎన్ని పాఠాలు చెప్పినా బండ మీద విత్తినట్లే.

ఈ సంగతి కనిపెట్టినవారు పూర్వమే ఉన్నారు. జర్మనీ దేశంలో ఒక పాస్టరుగారి కుమారుడు ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థ తెరిచి, మూడేళ్ళకు దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని అర్థం. అది అలంకారానికి పెట్టిన పేరు కాదు. అక్కడ ఒక్కొక్క బిడ్డకు సొంతంగా ఒక చిన్న మడి, అందరికీ కలిపి ఒక మడి ఉండాలన్నాడు. సొంత మడి ఎండిపోతే తనదే బాధ్యత, ఉమ్మడి మడి ఎండిపోతే అందరిదీ. ఇంతకంటే మంచి పౌరనీతి పాఠం నేనెరుగను. నేటి కాన్వెంటు బడులు పేరు మాత్రం ఉంచుకొని తోటను వదిలేశాయి. ఎల్‌కేజీ, యూకేజీ అంటాము, అందులో 'జీ' దేనికో మరచిపోయాము!

మరియా మాంటిస్సోరి మన కతోలిక సోదరి, వైద్యురాలు. రోము నగరంలో సాన్ లొరెంజో అనే పేదవాడలో 1907 జనవరి 6న, ముగ్గురు రాజుల పండుగ నాడు, తన మొదటి శిశుగృహాన్ని తెరిచింది. 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం వల్ల తిరిగి పోలేక మన దేశంలోనే ఏళ్ళ తరబడి ఉండిపోయింది. కొంతకాలం కొడైకెనాల్ కొండలలో పిల్లల మధ్య గడిపింది. సృష్టిలో ప్రతిదీ మరొకదానితో ఎలా ముడిపడి ఉన్నదో పసివారికి చూపించే బోధనా పద్ధతికి ఆ కాలంలోనే రూపమిచ్చింది.

ఇక మన బోథ్ సంగతికి వద్దాము. ఇక్కడ తోటలు వెదకనక్కరలేదు. పోచ్చెర జలపాతం మన పక్కనే ఉన్నది. మన ప్రాంతంలోనే పుట్టిన కడెం వాగు కుంటాల దగ్గర 45 మీటర్ల ఎత్తునుండి దూకి, పోయి పోయి గోదావరిలో కలుస్తున్నది. ఇప్ప, మోదుగ, తునికి, టేకు మన పొలిమేరల్లోనే ఉన్నాయి. అయినా మన పిల్లవాని నోట మొదట పలికించేది 'ఏ ఫర్ ఆపిల్'. ఆపిల్ చెట్టును వాడూ చూడలేదు, చెప్పే టీచరూ చూడలేదు. ఆదికాండము రెండవ అధ్యాయంలో సర్వేశ్వరుడు జంతువులను, పక్షులను ఆదాము వద్దకు తెచ్చి, అతడు వాటికి ఏ పేరు పెడతాడో చూశాడని చదువుతాము. మానవునికి అప్పగించిన తొలి పనులలో అది ఒకటి. పేరు తెలిసిన దానిని మనిషి ఊరికే నరకడు. మన పల్లెలో గోండు బిడ్డ, లంబాడీ బిడ్డ, తెలుగు బిడ్డ, మరాఠీ బిడ్డ ఒకే చెట్టు కింద కూర్చొని, దానిని తమ తమ ఇండ్లలో ఏమంటారో చెప్పుకుంటే, ఆ ఒక్క గంటలో ఎన్ని పాఠాలో ఆలోచించండి.

వాకిలి ఉంటే చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. ప్రతి బిడ్డ పేరుతో ఒక మెంతి మడి. జానెడు చాలు. మెంతి వారంలోపే మొలుస్తుంది, పసివాని ఓపికకు అంతే గడువు. చేతులు కడిగిన నీళ్ళు బచ్చలి పాదులోకి పోవాలి. గుడ్డు పెంకులు, కూరగాయల తొక్కలు గుంతలో వేసి, కొన్నాళ్ళకు తీసి చూస్తే నల్లని ఎరువు. చెత్త మన్ను కావడం కంటితో చూసిన బిడ్డకు మరొకటి కూడా తెలుస్తుంది, పాల ప్యాకెట్టు మాత్రం ఎన్నాళ్ళకూ మన్ను కాదని. ఎవరూ చెప్పనక్కరలేదు, వాడే తవ్వి చూసి చెబుతాడు.

మార్కు సువిశేషం నాలుగవ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఒక చిన్న ఉపమానం ఉన్నది. రైతు విత్తి, రాత్రి నిద్రపోయి, పగలు లేస్తుంటాడు. విత్తనం ఎలా మొలుస్తున్నదో అతనికే తెలియదు. పెద్దవారమైన మనం ఆ ఆశ్చర్యాన్ని ఎప్పుడో పోగొట్టుకున్నాము. యూరియా సంచి లెక్క తప్ప మరేమీ గుర్తుండదు. బిడ్డ తెల్లవారగానే చెప్పులు కూడా వేసుకోకుండా మడి దగ్గరకు పరుగెత్తుతాడు. ఆ పరుగులో ప్రార్థన ఉన్నది.

తిండి విషయం కూడా ఇందులో భాగమే. ఉట్నూరు వైపు అంగన్‌వాడీలలో ఇక్రిశాట్ సంస్థ, గిరిజన సంక్షేమ శాఖ కలిసి 'గిరిపోషణ' పేరుతో జొన్న, చిరుధాన్యాలు, పప్పులు, పల్లీలతో చేసిన ఆహారం అందించారు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో, పేద దళిత మహిళల సంఘాలు తమ చేలలో పండిన చిరుధాన్యాలనే తమ బాల్వాడీలకు చేర్చాయి. ఆ సంస్థకు 2019లో ఈక్వేటర్ పురస్కారం వచ్చింది. జొన్న తక్కువ నీటితో పండుతుంది, మన నేలకు పాత చుట్టం. మన తాతలు జొన్నరొట్టె తిన్నారు. మనం పత్తి వేసి, బియ్యం కొని తింటున్నాము. తప్పని చెప్పను, అప్పు తీరాలి గదా. కానీ బిడ్డ పళ్ళెంలో వారానికి రెండు రోజులైనా మన చేలో పండినది ఉండవద్దా?

అయిదు రొట్టెలు తెచ్చినది ఒక బాలుడని యోహాను సువిశేషం చెబుతుంది. అందరూ తృప్తిగా తిన్న తరువాత, ఏదీ వృథా కాకుండా మిగిలిన ముక్కలను ఏరమన్నాడు ప్రభువు. పన్నెండు గంపలు నిండాయి. అంత అద్భుతం చేయగలవాడు ముక్కలు ఏరించాడు! బిడ్డ పళ్ళెంలో మిగిలిన అన్నం కోడికో కుక్కకో చేరాలి గాని మురికి కాలువలోకి కాదు.

ఇక చెప్పడానికి కష్టమైన మాట. బిడ్డ అక్కడ నేర్చినది ఇంటికి వచ్చాక ఏమవుతున్నది? సాయంత్రం పెంటకుప్ప మీద ప్లాస్టిక్కు తగలబెడతాము, ఆ పొగ పక్కనే వాడు ఆడుకుంటాడు. ఒక్కసారి వాడి పడేసే ప్లాస్టిక్ గ్లాసులను, పళ్ళేలను 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించారు. అయినా పెండ్లి విందులలో, గుడి పండుగ భోజనాలలో అవే కనిపిస్తున్నాయి. మోదుగాకు విస్తర్లు కుట్టే చేతులు మన ఊళ్ళలోనే ఉండగా! బిడ్డ అన్నీ చూస్తాడు. మన నోటిని కాదు, చేతిని చూస్తాడు.

గుడి ఆవరణ సంగతి కూడా అంతే. దాతలు ముందుకు వస్తే మొదట గుర్తుకు వచ్చేది టైల్స్ వేయించడం. అంగుళం మన్ను కనిపించకపోతే శుభ్రంగా ఉన్నట్లు! పునీత అస్సిసి ఫ్రాన్సిస్ వారు తమ మఠం తోటలో కొంత భాగాన్ని సాగు చేయకుండా విడిచిపెట్టమనేవారట, అక్కడ అడవి పూలు, గడ్డి తమకు తాముగా పెరగాలని. దివంగత జగద్గురువులు ఫ్రాన్సిస్ వారు 2015లో వెలువరించిన తమ విశ్వలేఖలో ఈ సంగతిని గుర్తుచేశారు. మన ఆవరణలో పునీతుని స్వరూపం ఉంటుంది, ఆయన అడిగిన గజం నేల ఉండదు.

కనుక విచారణ కుటుంబాలకు నా మనవి ఇది. మీ ఊరి అంగన్‌వాడికి జాగా లేకపోతే, గుడి ఆవరణలో రెండు గుంటలు పగటిపూట పిల్లలకు వదలుదాము. ఇది అన్ని మతాల పిల్లల వాకిలి. అక్కడ వారికి జపాలు నేర్పబోవద్దు, గుంపుగా పోయి ఫోటోలు దిగవద్దు. టీచరమ్మకు ఇప్పటికే రిజిస్టర్లు, ఫోనులో పోషణ్ ట్రాకరు ఉన్నాయి; ఈ తోట పని ఆమె నెత్తిన పెట్టడం న్యాయం కాదు. యువకులు మడులు కట్టాలి, అవ్వలు విత్తనాలు తేవాలి. బావి ఉంటే ముందు దానికి గట్టి మూత వేయించాలి. కంచె వానలకు ముందే పడాలి. కంపకంచె చాలు, ఖర్చు లేదు. ఆలస్యమైతే పిల్లలకంటే ముందు మేకలు వస్తాయి.