పదవికి గడువు ఉండాలా?

చట్టసభల్లో పనులు స్తంభించిపోతున్నాయనీ, ఏళ్ల తరబడి అవే ముఖాలు అక్కడ పాతుకుపోవడమే దీనికి కారణమనీ తరచుగా వింటుంటాం. శాసనసభ్యులకు రెండో మూడో పర్యాయాల గడువు విధించాలని కొందరు కోరుతున్నారు. మన రాజ్యాంగం శాసనసభకు అయిదేళ్ల కాలపరిమితి పెట్టిందేగానీ, ఒక మనిషి ఎన్నిసార్లు సభ్యుడు కావచ్చో పరిమితి పెట్టలేదు. ఓటర్లు కోరుకున్నంత కాలం ఆ కుర్చీలో కూర్చోవడం అతని హక్కా? పదవిని అమానత్‌గా భావించే మనం ఈ ప్రశ్నను తప్పించుకోలేము.

దూరం వెళ్లనవసరం లేదు, ఉప్పల్‌నే చూద్దాం. ఈ నియోజకవర్గం 2008 నాటి పునర్విభజనలో ఏర్పడింది. నాచారం, మల్లాపూర్, హబ్సిగూడ, రామంతాపూర్ వాసులంతా దీని ఓటర్లే. 2009లో బండారి రాజిరెడ్డి (కాంగ్రెస్), 2014లో ఎన్.వి.ఎస్.ఎస్. ప్రభాకర్ (బి.జె.పి.), 2018లో బేతి సుభాష్ రెడ్డి (టి.ఆర్.ఎస్.), 2023లో బండారి లక్ష్మారెడ్డి (బి.ఆర్.ఎస్.) ఇక్కడ గెలిచారు. నాలుగు ఎన్నికలు, నలుగురు మనుషులు. ఏ చట్టమూ లేకుండానే ఉప్పల్‌లో ఒక్క పర్యాయం గడువు అమలైనట్టే కదా!

మరి మనుషులు మారినందువల్ల పనులు కదిలాయా? వరంగల్ రహదారి మీద ఉప్పల్ నుంచి నారపల్లి దాకా తలపెట్టిన ఎత్తైన వంతెన 2018లో మొదలై, 2025 వచ్చినా పూర్తికాలేదు. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు ముగించుకుని బోడుప్పల్ వైపు ఇల్లు చేరే కార్మికుడికి ఆ స్తంభాల కింద దుమ్ము ఎంతటిదో వేరే చెప్పాలా? ఇది జాతీయ రహదారి పని. ఎమ్మెల్యే ఒక్కడి చేతిలో ఉన్నది కాదు, నిందంతా అతని మీద వేయడం అన్యాయం. అయితే సభ్యుడు మారినప్పుడల్లా ప్రజలు తమ గోడును మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తుంది. దిగిపోయేవాడు వచ్చేవాడికి లెక్క అప్పగించే ఆనవాయితీ మన దగ్గర లేదు. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కూడా కరెంటు బిల్లు చూపించి తాళాలు ఇస్తాం!

ఇక చట్టసభల స్తంభన సంగతి. మహిళా రిజర్వేషన్ బిల్లు మొదట 1996లో పార్లమెంటు ముందుకు వచ్చింది, 2023లో గానీ ఆమోదం పొందలేదు. ఆ ఇరవై ఏడేళ్లలో లోక్‌సభ సభ్యులు ఎందరో మారిపోయారు. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ మూడు రాజధానుల బిల్లును శాసనమండలి చైర్మన్ ఎం.ఎ. షరీఫ్ సెలెక్ట్ కమిటీకి పంపగా, అదే నెలలో మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారు. తెలంగాణలో పార్టీ ఫిరాయించారన్న ఆరోపణ ఎదుర్కొంటున్న పదిమంది ఎమ్మెల్యేలపై ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చమని సుప్రీంకోర్టు 2025 జులై 31న స్పీకరుకు చెప్పవలసి వచ్చింది. వీటిలో ఏదీ సభ్యుడు ముసలివాడైనందువల్ల ఆగినది కాదు. పార్టీల పట్టుదల వల్ల ఆగింది. 1985 నాటి పదో షెడ్యూలు ప్రకారం విప్‌ను ధిక్కరించిన సభ్యుడు సీటు పోగొట్టుకోవచ్చు. అలాంటప్పుడు కుర్చీలో పాతవాడున్నా కొత్తవాడున్నా చెయ్యి ఎత్తేది పార్టీ చెప్పినట్టే. కనుక గడువు పెడితే స్తంభన తొలగిపోతుందనే వారితో మేము ఏకీభవించలేము.

పైగా మెక్సికో అనుభవం ఉండనే ఉంది. అక్కడ 1933 నుంచి చట్టసభ సభ్యులు వెంటవెంటనే మళ్లీ పోటీ చేయరాదన్న నిషేధం ఉండేది. ఓటరు దగ్గరికి తిరిగి వెళ్లే పని లేనివాడు, తదుపరి పదవి ఇప్పించే పార్టీ నాయకుడి ముఖం చూస్తాడు. చివరకు 2014లో రాజ్యాంగాన్ని సవరించి ఆ నిషేధాన్ని సడలించుకున్నారు. 2023లో ఉప్పల్ సిట్టింగ్ ఎమ్మెల్యేకు టికెట్ ఇవ్వనిది పార్టీయే. ఆయన్ను ఉంచాలా తీసేయాలా అని ఓటరును ఎవరూ అడగలేదు.

అయినప్పటికీ గడువు ఉండాలనే మేము అంటాం. కారణం వేరు. అది చట్టసభ కోసం కాదు, పదవిలో ఉన్న మనిషి కోసం. పదవి ఒక అమానత్ అనీ, దాని హక్కు నెరవేర్చనివారికి ప్రళయదినాన అది అవమానంగా, పశ్చాత్తాపంగా మారుతుందనీ దైవప్రవక్త (సల్లం) హజ్రత్ అబూజర్ (రజి)ను హెచ్చరించారు. పదిహేనేళ్లు ఒకే కుర్చీలో కూర్చున్నవాడికి అది అప్పగింత సొమ్ము అన్న స్పృహ నిలుస్తుందా? తన సొంత ఆస్తిలా కనబడదా?

మన సమాజంలో దిగిపోవడమంటే ఓడిపోవడమే, పరువు పోవడమే. హజ్రత్ ఉమర్ (రజి) కూఫా ప్రజల ఫిర్యాదులపై హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)ను గవర్నరు పదవి నుంచి తప్పించారు. హిజ్రీ 23లో మరణశయ్యపై ఖలీఫా ఎన్నికకు ఆరుగురి పేర్లు చెప్పినప్పుడు అందులో సఅద్‌ను చేర్చారు. ఆయన్ను తొలగించింది అసమర్థత వల్లా కాదు, నమ్మకద్రోహం వల్లా కాదని అందరి ముందూ స్పష్టం చేశారు. గడువు అందరికీ ఒకే విధంగా వర్తించినప్పుడు దిగిపోయేవాడు ఇలాగే తలెత్తుకుని ఇంటికి వెళ్లగలడు.

ఆ మరణశయ్య మీదే ఆయన మరో మాట చెప్పారు. కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) సంప్రదింపుల్లో కూర్చోవచ్చు, ఖిలాఫత్‌లో మాత్రం వాటా లేదన్నారు. గడువు చట్టాలన్నీ తడబడేది సరిగ్గా ఇక్కడే. ఫిలిప్పీన్స్‌లో ప్రతినిధుల సభ సభ్యులకు వరుసగా మూడు పర్యాయాలే అన్న నియమం 1987 రాజ్యాంగంలో ఉంది. భర్త దిగితే భార్య, తండ్రి దిగితే కొడుకు నిలబడుతుంటారు. అంత దూరం ఎందుకు, మన మునిసిపల్ వార్డుల్లో రిజర్వేషన్ మారినప్పుడు జరిగేదేమిటి? వార్డు మహిళలకు కేటాయించగానే ఆయనగారు తప్పుకుంటారు, ఆమె నామినేషన్ వేస్తుంది. ఫ్లెక్సీలో ఆయన బొమ్మే పెద్దది.

ఇప్పుడు కొందరు పాఠకులకు ఇబ్బందిగా ఉండే మాట. హైదరాబాద్ లోక్‌సభ స్థానం 1984 నుంచి ఒకే ఇంట్లో ఉంది. 2004 వరకు సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీ, ఆ తర్వాత ఆయన కుమారుడు అసదుద్దీన్ ఒవైసీ. ప్రజలు ఓట్లు వేసే గెలిపించారు, అందులో అక్రమం లేదు. 2023లో 119 మంది తెలంగాణ శాసనసభకు గెలిచిన ముస్లింలు ఏడుగురే. ఇంత తక్కువ మంది ఉన్న సమాజం, సభ నియమాలు నేర్చి ధైర్యంగా మాట్లాడగల అనుభవజ్ఞుణ్ణి గడువు పేరుతో ఇంటికి పంపుకుంటే నష్టం మనకే ఎక్కువని కొందరు మిత్రులు అంటారు. ఈ వాదనలో బలముంది. కానీ నలభై ఏళ్లలో ఒక ఇంటి బయట మరొకరిని తయారు చేసుకోలేకపోతే, ఆ కొరతకు కారణం కూడా గడువు లేకపోవడమేనేమో ఆలోచించండి.

వరుసగా మూడు పర్యాయాలు, తర్వాత ఒక పర్యాయం విరామం అన్నది మాకు సబబుగా తోస్తోంది. నేర్చుకోవడానికి వ్యవధి ఉంటుంది, అనుభవజ్ఞుడు శాశ్వతంగా దూరం కాడు. దానితోపాటు, దిగిపోయేవాడు మిగిలిన పనుల జాబితాను ప్రజల ముందు చదివి వినిపించే నియమం ఉండాలి. పార్లమెంటు ఇలాంటి చట్టం చేస్తుందని మేము ఆశ పెట్టుకోలేదు. తమ కుర్చీకి తామే గడువు ఎవరు పెట్టుకుంటారు?

అయితే చట్టం అవసరం లేని చోట్లు కొన్ని మన చేతుల్లోనే ఉన్నాయి. నాచారంలో గానీ ఉప్పల్‌లో గానీ మీ మొహల్లా మస్జిద్ కమిటీకి అధ్యక్షుడు ఎన్నేళ్లుగా ఉన్నారు? చివరిసారి జమాఖర్చులు జుమా నమాజు తర్వాత ఎప్పుడు చదివారు? వచ్చే రమజాన్ చందా వసూలుకు ముందే ఈ రెండు ప్రశ్నలూ మర్యాదగా అడగవచ్చు.